చెయ్యి మారిన గటక ముద్ద

మా ఆయన ఫౌజులో కుక్కలను చూసేవాడు. బోధన్‌లో ఈ మాట చెబితే ముందు నవ్వేవాళ్లు. "తుపాకి ఇయ్యలేదా నీ మొగనికి? కుక్కనిచ్చిండ్రా?" అని బీడీలు చుట్టే చోట ఆడవాళ్లు ఆట పట్టిస్తుంటే నాకు ఒళ్లు మండేది. భూమిలో పాతిన మందుపాతరను వాసన పట్టి, దాని దగ్గర కదలకుండా కూర్చునే కుక్క అది. వెనక వచ్చే సిపాయిలంతా దాన్ని నమ్మి అడుగు వేస్తారు. ఇదంతా వీళ్లకేం తెలుసు?

సరిహద్దులో యుద్ధం అయిపోయిన ఏడాది, చెరుకు కొట్టే రోజుల్లో సెలవు మీద వచ్చాడు. ముఖంలో కళ లేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. తనను వేరే పనిలోకి మార్చారట, పిల్లప్పటి నుంచి సాకిన కుక్కను ఇంకొకరికి అప్పగించి వచ్చాడట. శత్రువు విషం పెడతాడని, తన మనిషి చేతి నుంచి తప్ప ఏదీ తినకుండా దానికి నేర్పుతారు. మనిషి మారితే కొత్త చెయ్యి అలవాటు చెయ్యాలి. ముందు గిన్నెను ఇద్దరూ కలిసి పట్టుకుంటారు. తర్వాత పాతవాడు చెయ్యి తీసేస్తాడు. రోజురోజుకూ వెనక్కి జరిగి, చివరికి కనబడకుండా పోతాడు.

"పోయేటప్పుడు పేరు వెట్టి పిలవొద్దు. మల్ల పాత చేతుల తిన్నదంటే చేసిన పనంత ఆగమే," అన్నాడు.

అప్పటికే మా అత్తకు పక్షవాతం వచ్చి, మతి సగం పోయింది. నన్ను ఎవరో పరాయిదాన్ననుకునేది. నేను ముద్ద పెడితే పళ్లు బిగబట్టేది. చిక్కి ఎముకలు తేలింది. కొడుకు వచ్చి జొన్నరవ్వ ఉడికించిన గటక పెడితే మాత్రం చిన్నపిల్లలా నోరు తెరిచింది. సంతోషించాల్సింది పోయి నాకు భయం పట్టుకుంది. ఈయన తిరిగి పోతే ముసలిది నా కళ్ల ముందే ఆకలితో పోతుంది.

ఒక పొద్దున ఆయన నన్ను కంచం దగ్గర కూర్చోబెట్టాడు. "ముద్ద నువ్వు వట్టుకో. నీ చెయ్యి కింద నా చెయ్యి వెడ్త."

అర్థమై అరిచాను. "ఏందయ్యా! కన్నతల్లిని కుక్కను చేస్తివా?"

"నాకు గీ పనొక్కటే వచ్చు," అన్నాడు. కళ్ల నిండా నీళ్లు. నేను ముద్ద చేతిలోకి తీసుకున్నాను.

అట్లాగే చేశాం. ఆయన చెయ్యి తీసిన మొదటిరోజు అత్త ముద్ద ఉమ్మేసింది. మళ్లీ చెయ్యి పెట్టాడు. కొన్నాళ్లకు గడప దాకా జరిగాడు, ఆ తర్వాత వాకిట్లోకి. సెలవు ముగిసిన రోజు ఆమె నా చేతి ముద్ద నములుతుండగానే, అవ్వా అని తల్లిని పిలవకుండా, పెట్టె పట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. ఆమె బతికింది.

మరుసటి చెరుకు కాలానికి మళ్లీ వచ్చాడు. కాళ్లు కడుక్కుని నేరుగా తల్లి పక్కన కూర్చుని, నా చేతిలో కంచం తీసుకున్నాడు. "అవ్వా, నేనే. నోరు తెరువు."

ఆమె ఆ ముద్దను చూసింది. ఆయన ముఖం చూసింది. పళ్లు బిగబట్టి నా వైపు తిరిగింది.

"మంచిగ నేర్సింది," అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కంచం నాకిచ్చి లేచాడు. ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరుగుతూ పోయి గడప అవతల నిలబడ్డాడు. నేను ఏడుస్తూనే ముద్ద కలిపి పెట్టాను. అత్త నోరు తెరిచింది.