ఎల్లప్ప ఎగరేసిన ఇటుక

తిరుత్తణిలో ఎవరు మేడ కట్టినా ఇటుకలు అందించడానికి ఎల్లప్పను పిలవాల్సిందే. కింద నిలబడి ఇటుకను నిటారుగా పైకి ఎగరేసేవాడు. పరంజా మీదున్న అతని బావ మునియప్ప దాన్ని పువ్వు కోసినంత సుళువుగా అందుకునేవాడు. అక్కడికి చేరేసరికి ఇటుక వేగమంతా చచ్చిపోయి ఉండేది కాబట్టి చేతులకు దెబ్బ తగిలేది కాదు.

అయితే ఎల్లప్ప మనసంతా తిరువళ్ళూరు దగ్గర కొత్తగా పెట్టిన పంపుల ఫ్యాక్టరీ మీదే ఉంది. ఎస్సెల్సీ పాసైతే పనిలో పెట్టుకుంటామన్నారు. అన్నీ గట్టెక్కాయి గానీ సైన్సు రెండుసార్లు ముంచింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది. అందుకే పాతికేళ్ళు దాటిన మనిషి, నిక్కర్ల పిల్లల పక్కన కూర్చుని రామానుజం సారు దగ్గర ట్యూషన్ చెప్పించుకునేవాడు. అలాంటి సిగ్గులేనితనం అందరికీ రాదు.

చిక్కల్లా ఒక్కచోటే. సెకనుకు తొమ్మిదీ పాయింట్ ఎనిమిది మీటర్ల వేగంతో పైకి విసిరిన వస్తువు ఒక సెకనుకు ఆగుతుందనీ, నాలుగూ పాయింట్ తొమ్మిది మీటర్లు ఎక్కుతుందనీ చకచకా కట్టేసేవాడు. ఆ కొసన త్వరణం ఎంతంటే మాత్రం పలక మీద సున్నా అని రాసేవాడు. సారు ఎన్ని విధాల చెప్పినా తల అడ్డంగా ఊపేవాడు.

“ఆడ నిలిచిపోతాది సార్. లేకుంటే మా బావ చేతులు పగిలిపోవా?” అన్నాడు.

“నీ లెక్కే నిజమైతే అది ఇంకా ఆడే ఉండాల గదప్పా” అన్నాడు సారు.

మర్నాడు సారే ఆ పలక పట్టుకుని పని దగ్గరికి వచ్చాడు. మునియప్పను చేతులు కట్టుకొమ్మని, ఎల్లప్పను ఇటుక ఎగరేయమన్నాడు. ఇటుక పైకెక్కింది, రెప్పపాటు ఆగింది, ఎవరూ తొయ్యకుండానే తిన్నగా కిందికొచ్చి తడి సున్నంలో పడింది. సారు పంచె మోకాళ్ళదాకా సున్నమయింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, సారుతో సహా.

ఎల్లప్ప ఒక్కడే నవ్వలేదు. ఇన్నేళ్ళలో బావ ఒక్క ఇటుకనీ జారవిడవలేదు. అందుకే ఆగిన తర్వాత ఏమవుతుందో అతను ఎన్నడూ చూడలేదు.

“నిలిచింది గాని, భూమి దాన్ని విడిచిపెట్టలేదు సార్” అన్నాడు మెల్లగా. పలక తీసుకుని సున్నా చెరిపేశాడు. త్వరణం తొమ్మిదీ పాయింట్ ఎనిమిది, కిందికి అని రాశాడు. ఎక్కేటప్పుడూ అంతే, ఆగినప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చిందో లేదో గానీ, అక్కణ్ణించి సైన్సంటే అతనికి బెదురు పోయింది. జూన్‌లో పేపర్లో నంబరు చూసుకుని బస్టాండు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

“పాసయినా బావా!”

మునియప్ప పరంజా దిగి వచ్చి బావమరిదిని గట్టిగా వాటేసుకున్నాడు. సంతోషంతో వీపు మీద రెండు దెబ్బలు కూడా వేశాడు. అంతలోనే కింద పేర్చి ఉన్న ఇటుకల వైపు చూశాడు.

“రేపట్నించి నాకు ఇటికలు ఎవురు ఎగరేస్తార్రా?” అన్నాడు.