బగారా గిన్నె కోసం దించిన నీళ్ల డబ్బా

మొన్న బుధవారం మస్కట్ నుంచి నా మేనకోడలు ఫోన్ చేసింది. ఆ నగరంలోని అజైబాలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల, శుక్రవారం తోటివాళ్లతో కలిసి ఇబ్రా ఊరు దాటాక ఇసుక దిబ్బల నడుమ ఒంటరిగా నిలబడి ఉండే రాతిగుట్టను చూడటానికి వెళ్తోందట, పాతికేళ్లు అక్కడ గడిపినవాణ్ణి గనుక జాగ్రత్తలు చెప్పమంది. అడిగింది ఇంకెవరైనా అయితే గంటసేపు గొప్పలు పోయేవాణ్ణే.

చెప్పాను. ఒక్క బండిలో వెళ్లొద్దని, ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించుకోవాలని, మళ్లీ పట్టుకోవడానికి పంపు వెంట ఉంచుకోవాలని, నీళ్లు చాలనుకున్నదానికి రెట్టింపు తీసుకెళ్లాలని, ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పటికి వచ్చేదీ ఎవరికైనా చెప్పి కదలాలని, బండి కూరుకుపోతే దాని నీడ వదిలి నడక మొదలుపెట్టవద్దని. ఇదంతా నా తెలివి కాదు. ఆ పిల్ల తండ్రి, అంటే మా అక్క భర్త, నాకు నేర్పినవి.

ఆ రోజుల్లో గల్ఫ్ చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు, ఆరు రోజుల డ్యూటీ తర్వాత శుక్రవారమంటే మనకు దావత్. బావ కంపెనీ పికప్ డ్రైవరు, నాకు వీసా తెప్పించి ఇబ్రా సైట్‌లో స్టోరు పని ఇప్పించింది ఆయనే. ఆ గుట్ట చూడాలని నెల రోజులు నస పెడితే, బావమరిది మాట తీసెయ్యలేక ఒప్పుకున్నాడు. కంపెనీ బండి షికార్లకు వాడకూడదు గనుక, బజారుకు వెళ్తున్నామని ఫోర్‌మన్‌తో అబద్ధమాడింది నేను. రూమ్‌లోని మరో ఇద్దరు కూడా వస్తామనడంతో పెద్ద గిన్నె నిండా బగారా అన్నం వండాను. బావ బండిలో రెండు నీళ్ల డబ్బాలు పెట్టి స్నానానికి వెళ్తే, గిన్నె సరిగ్గా కూర్చోవడం లేదని ఒకటి దించేసింది కూడా నేనే.

గుట్ట నీడలో తిని, ఉన్న ఒక్క డబ్బాలోంచే చేతులూ పళ్లేలూ కడిగేశాక గానీ రెండోది లేదని బావ చూసుకోలేదు. తిరుగుదారిలో బండి ఇరుసు దాకా దిగబడింది. మూడింటికల్లా నీళ్లు అయిపోయాయి. సగం గిన్నె అన్నం మిగిలే ఉంది, ఒక్క మెతుకు గొంతు దిగలేదు. ఎవరైనా వెతికినా ఇబ్రా బజారులోనే వెతుకుతారు. నేను ఏడుస్తుంటే చూడలేక బావ తన మాట తానే తప్పి, తలకు తువ్వాలు చుట్టుకుని తారురోడ్డు వైపు నడిచాడు. పొద్దుగూకే వేళకు ఒంటెలు మేపుకునే ఒక పెద్దాయన బావను తన బండిలో పడుకోబెట్టుకుని, టైరు గుర్తులు చూసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. బావ పెదాలు చిట్లిపోయి ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు.

తేరుకున్నాక కంపెనీవాళ్లు అడిగితే, బండి తీసిందీ, నాచేత అబద్ధం చెప్పించిందీ, నీళ్లు దించిందీ తనేనన్నాడు. పక్కనే స్టోరు తాళాలు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. వీసా కొత్తది, ఇంటి పరిస్థితి అలాంటిది అని ఎన్నో చెప్పుకోవచ్చు గానీ, భయపడ్డాను, అంతే. పది రోజుల్లో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఊళ్లో ఆటో నడిపి పిల్లను చదివించాడు. షోకు కోసం బంగారంలాంటి ఉద్యోగం పోగొట్టుకున్నాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది, దెప్పినప్పుడల్లా నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతుంటాను.

జాగ్రత్తలన్నీ విన్నాక మేనకోడలు నవ్వింది. "బాపును అడిగితే, నీళ్ల సంగతి మీ మామకే బాగ ఎరుక, ఆయననే అడుగు అన్నడు మామా," అంది.

ఇప్పుడు ఆ దారిలో ఎవరికీ అబద్ధమాడే పని లేదు. ఎక్కడున్నదీ కనిపించేలా ఆ పిల్ల నాకు ఫోన్‌లోనే లొకేషన్ పంపింది, శుక్రవారమంతా ఆ నీలం చుక్కను చూస్తూ కూర్చున్నాను. అది అజైబా చేరాక బావకు ఫోన్ చేసి, పిల్ల క్షేమంగా చేరిందని చెప్పాను. సరేనని, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. అక్కడ అక్క మాట వినిపిస్తోంది. ఫోన్ ఆమెకివ్వమంటే చాలు, ఆ డబ్బా దించింది నేనేనని చెప్పడమే మిగిలింది. ఏమీ లేదు బావా అని పెట్టేశాను.