కాటాలాయన చెప్పిన వంటలు

ఆయన్ని కంపెనీలోనూ వీధిలోనూ అందరూ కాటాలాయన అనే పిలుస్తారు. ధాన్యం గిడ్డంగుల్లో, చేపల మార్కెట్లలో, పార్సిల్ ఆఫీసుల్లో ఉండే తూకం యంత్రాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూడటం, తప్పు తూస్తుంటే సరిచేయడం ఆయన ఉద్యోగం. సోమవారం తెల్లారగానే తూకం రాళ్ళ పెట్టె, పనిముట్ల సంచీ, మూడు చొక్కాలు పట్టుకుని బస్సెక్కుతాడు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనుషులంటే మనకు సరదాగానే ఉంటుంది కానీ, ఆ కాళ్ళనెవరు అడిగారు?

చెప్పొద్దూ, మొదట్లో ఆయనకీ సరదాగానే ఉండేది. కుర్రతనం, రాళ్ళు తిన్నా అరిగే వయసు. ఏ ఊరు వెళ్ళినా పని ముగించుకోగానే గిడ్డంగి హమాలీల్ని అడిగేవాడు: "ఇక్కడ మీరేం తింటారు? ఎక్కడ తింటారు?" పెద్ద హోటళ్ళ జోలికి పోయేవాడు కాదు. హమాలీలు చెప్పిన సందులోకి దూరి, వాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చుని, వాళ్ళు తినేదే తినేవాడు. ఒక ఊళ్ళో చేపని పొగలో ఆరబెట్టి పుల్లటి పళ్ళ గుజ్జులో వేసి వండుతారు. ఇంకో ఊళ్ళో చిక్కుడుగింజల పులుసులో రొట్టె తుంచి నానబెట్టి, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి ఇస్తారు. ఇవన్నీ శుక్రవారం ఇంటికొచ్చి భార్యకి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెబుతూ లొట్టలు వేసేవాడు కూడా. ఆవిడ గడప మీద కూర్చుని, చెంపకి చెయ్యి ఆనించుకుని వినేది. పెళ్ళయ్యాక ఆవిడ చూసిన ఊళ్ళు చాలా తక్కువ. మిగిలినవన్నీ ఆయన నోటితోనే చూసింది.

ఆయన బావమరిది నోరు ఊరుకునే రకం కాదు. "మా బావ తూకం వెయ్యడానికి వెళ్తున్నాడో, తూకం పెరగడానికి వెళ్తున్నాడో!" అని ఎగతాళి చేసేవాడు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆవిడది ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే పని. ఉతికి ఆరిన దుప్పట్లు బండ్లకొద్దీ వస్తాయి. ఎత్తు బల్ల దగ్గర నిలబడి మడతపెట్టి, వార్డుల వారీగా కట్టలు కట్టాలి. కూర్చోవడానికి ఆ గదిలో కుర్చీ ఉండదు, ఉంటే పని ఆగిపోతుందని పైవాళ్ళ భయం. ఇంటికి రాగానే ఆవిడ చేసేది అరగంట వంట. బియ్యం కడిగి పడేసి, అది ఉడికేలోగా రెండు గుడ్లు, ఒక ఉల్లిపాయ, నాలుగు మిరియపు గింజలు. ఓపికుంటే ఒక కూరగాయ. శుక్రవారం ఆయనొచ్చినా అదే పెట్టేది. ఐదు రోజులు ఊళ్ళన్నీ తిరిగొచ్చిన ఆయన ఆ అన్నం, గుడ్డు తలవంచుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా తినేసేవాడు. ఆ పళ్ళెం ముందు కూర్చుంటే ఆయనకి మాటలు అక్కర్లేకపోయేవి, ప్రాణం లేచివచ్చేది. కానీ ఆ సంగతి ఒక్కనాడైనా నోరు విప్పి చెప్పాడా? లేదు! ఎక్కడెక్కడి వంటలనో ఆకాశానికెత్తిన పెద్దమనిషి, ఇంటి వంట దగ్గరికి వచ్చేసరికి మూగవాడు. ఇలాంటి మగవాళ్ళని ఏమనాలో నాకైతే తెలియదు.

యాభై దాటాక కడుపులో మంట మొదలైంది. డాక్టరు కారం తగ్గించమన్నాడు. అదొక్కటే అయితే ఆయన లెక్కచేసేవాడు కాదు. అసలు సంగతి వేరే. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు హూనమైపోయేది. రాళ్ళు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, నడుం పట్టేసేది. కొత్త ఊళ్ళో సందులు వెతుక్కుంటూ పోయి, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య బల్ల మీద చోటు అడుక్కుని కూర్చోవాలంటే విసుగొచ్చేది. ఒక బుధవారం లాడ్జీ గదిలోకి రొట్టె, రెండు అరటిపళ్ళు తెచ్చుకుని, మంచం మీదే తిని నడుం వాల్చాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

ఆ మొదటి వారం శుక్రవారం ఇంటికి రాగానే ఆవిడ ఎప్పటిలాగే అడిగింది.

"ఈసారి ఏం తిన్నారు?"

"ఏముంది, రొట్టె, అరటిపళ్ళు."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అదేంటండీ, ఒంట్లో బాగాలేదా? సెలవు పెట్టమంటే వినరు కదా. పోనీ ఆ ఉద్యోగం మానెయ్యండి, ఏదో ఒకటి తిని బతుకుదాం" అని మొదలుపెట్టింది. రాత్రి రెండుసార్లు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఈ గొడవంతా ఎందుకొచ్చిందిరా భగవంతుడా అనుకున్నాడు ఆయన. వచ్చే శుక్రవారానికి సిద్ధమైపోయి వచ్చాడు. బస్సులో కూర్చుని ఒక వంటని తయారుచేసుకున్నాడు, నోటితోనే లెండి. మట్టికుండలో మాంసం పెట్టి, మూత చుట్టూ పిండి ముద్ద అంటించి, ఆవిరి బయటికి పోకుండా మూడు గంటలు సన్నసెగ మీద ఉడికిస్తారని చెప్పాడు. ముక్క నోట్లో పెట్టుకుంటే వెన్నలా కరిగిపోయిందన్నాడు. ఆవిడ మొహం విచ్చుకుంది. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం ఇంట్లోకి అడుగుపెట్టగానే మాంసం వాసన. పొయ్యి మీద మట్టికుండ, దాని మూత చుట్టూ పిండి ముద్ద. ఆవిడ చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ముంజేతికి తడిగుడ్డ చుట్టుకుంది. "మూత తీస్తుంటే ఆవిరి కొట్టిందిలెండి, ఏం కాదు. మీరు తిని చెప్పండి, అక్కడ తిన్నట్టే ఉందా?" అంది.

ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెయ్యి కాల్చుకున్న మనిషితో, "అలాంటి వంటే లేదు, నేనే అల్లాను" అని ఎలా అంటాడు? "అక్కడికన్నా బాగుంది" అన్నాడు. అయిపోయింది. కడుపు మంటతో ఆ రాత్రంతా పొర్లాడు.

అలా ఏడేళ్ళు. ఆయన ఊళ్ళో రొట్టె తినడం, బస్సులో వంట అల్లడం, ఇంట్లో చెప్పడం. పై శుక్రవారానికి ఆవిడ అది వండి సిద్ధంగా ఉంచడం. ఈయన చెప్పేవేమైనా తేలికవా? గుమ్మడికాయ లోపల అన్నం పెట్టి కాల్చాలంటాడొకసారి. చేపని బంకమట్టిలో పొదిగి నిప్పుల మీద పెట్టాలంటాడు ఇంకోసారి. చెబుతున్నప్పుడు వండేవాళ్ళ కష్టం గుర్తుంటుందా? నోటికి అడ్డేముంది! ఆవిడకి వంటంటే సరదా అనీ, కొత్తకొత్తవి చేసుకుంటూ కాలక్షేపం చేస్తోందనీ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఒక గురువారం గిడ్డంగిలో పెద్ద కాటా కింద గచ్చు పగిలింది. అది బాగుచేసేదాకా మీకు పని లేదు, వెళ్ళిపొమ్మన్నారు. సాయంత్రం ఆరున్నరకే ఇల్లు చేరాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వచ్చాడు.

వంటింట్లో ఆవిడ చిన్న పీట మీద కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ వేణ్ణీళ్ళ తొట్టెలో ఉన్నాయి. ఒళ్ళో గిన్నె. గిన్నెలోనే అన్నం, గుడ్డు, కాస్త ఉల్లిపాయ. కళ్ళు మూసుకుని, తీరిగ్గా నములుతోంది. ఆ మొహంలో ఉన్న శాంతిని ఆయన చూసి ఎన్నేళ్ళయిందో. మడమలు ఎర్రగా పగిలి ఉన్నాయి, పిక్కల మీద నరాలు తేలి ఉన్నాయి. ఇవి ఇలా ఎప్పుడయ్యాయి? ప్రతి వారం ఇంటికొచ్చే మనిషే, కానీ చూడలేదు.

చప్పుడుకి ఆవిడ కళ్ళు తెరిచి ఉలిక్కిపడింది. "అయ్యో! రేపు కదా మీరొచ్చేది!" గిన్నెని పీట చాటుకి తోసింది, ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు. తడికాళ్ళతోనే లేచి నిలబడింది. "కూర్చోండి, ఒక్క గంటలో చేసేస్తాను. పోయినవారం చెప్పారు కదా, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద పెట్టే మాంసం. ఆకులు తెచ్చి పెట్టాను. మాంసం ఒక్కటే తేవాలి."

"వద్దు. నాకు నువ్వు తింటున్నదే పెట్టు."

"మొహమాటం ఎందుకండీ? ఊళ్ళన్నీ తిరిగి అంత మంచివి తిని వచ్చే మనిషికి ఇదా పెట్టేది?" అంటూనే సంచీ అందుకుంది. అడుగు వేయబోతూ గోడ పట్టుకుంది. మడమ నేలకి ఆనడం లేదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఆవిడ బజారుకి వెళ్తుంది. గంటన్నర నిలబడుతుంది. నోరు తెరిస్తే ఏడేళ్ళ అబద్ధం బయటపడుతుంది. ఆయన ఆవిడ చేతిలోంచి సంచీ లాక్కున్నాడు.

"ఆకుల్లో మాంసం లేదు. నేను తినలేదు."

"తినలేదా? మరి బాగుందని చెప్పారు?"

"అలాంటి వంటే లేదు. నేనే కల్పించి చెప్పాను. లాడ్జీలో రొట్టె తిని పడుకుంటాను. ప్రతిసారీ అంతే."

ఆవిడకి వెంటనే బోధపడలేదు. ఆయన వంకే చూస్తూ నిలబడింది. "ప్రతిసారీ అంటే? ఎప్పట్నుంచి?"

"ఏడేళ్ళు."

"గుమ్మడికాయలో అన్నం?"

"అదీ అబద్ధమే."

ఆవిడ కుడిచేతి గాజులు పైకి తోసుకుంది. ముంజేతి మీద వేలి పొడుగు మచ్చ, నున్నగా మెరుస్తోంది. "మట్టికుండలో మాంసం?"

ఆయన తలెత్తలేకపోయాడు. "అదే మొదటిది" అన్నాడు.

ఆవిడ నెమ్మదిగా పీట మీద కూలబడింది. నీళ్ళు చల్లారిపోయి ఉంటాయి, అయినా కాళ్ళు మళ్ళీ తొట్టెలో పెట్టుకుంది.

"ఎందుకండీ లేనివన్నీ చెప్పారు?"

"రొట్టె తిన్నానంటే నువ్వు కంగారుపడ్డావు. నీకు చెబుతుంటే నీ మొహం వెలిగిపోయేది. అదొక్కటే చూసుకున్నాను. నేను అలిసిపోయాను, ఇక తిరగలేకపోతున్నానని చెప్పడానికి నామోషీ అనిపించింది."

"నేను అలిసిపోలేదా?" ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "పొద్దున్నుంచీ నిలబడి, శుక్రవారం వచ్చేసరికి నా ప్రాణం మీదకొచ్చేది. బస్సులో ఏడ్చిన రోజులున్నాయి, తెలుసా? ఇంటికెళ్ళి ఇంకా మూడు గంటలు నిలబడాలే అని."

"మరి ఎందుకు చేశావు? నీకు వంటంటే సరదా అనుకున్నాను."

ఆవిడ పీట చాటునున్న గిన్నె తీసి ఆయన చేతిలో పెట్టింది. అన్నం చల్లారింది, గుడ్డు సగం ఉంది. ఆయన నిలబడే ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కలిపాడు. "ఇదేనే నాకు కావలసింది. ముప్పై ఏళ్ళుగా ఇదే" అన్నాడు.

"ఒక్కసారైనా అన్నారా?"

ఆయన గిన్నె పట్టుకుని గచ్చు మీద కూర్చున్నాడు.

"సరదా ఉండేదండీ నాకు" అంది ఆవిడ, కాళ్ళ వంక చూసుకుంటూ. "నా వంట మీకు చాలడం లేదని అనుకున్న రోజు దాకా ఉండేది."