ప్యానెల్ తుడిచే పెద్దాయన

నిజాంపట్నం వైపు ఎప్పుడు వెళ్ళినా ఆ పెద్దాయన నాకు నిచ్చెన మీదే కనిపించేవాడు. కరెంటు రాని ఓ రొయ్యల చెరువుకు ఆయన కాపలా. యజమాని తన ఫోన్‌లో చూసుకునేలా ఆ గట్టు మీద సోలార్ కెమెరా బిగించింది తెనాలి నుంచి వెళ్ళిన నేనే. ప్యానెల్ మీద దుమ్ము పడితే బ్యాటరీ నిండదని, రోజూ తడిగుడ్డతో తుడవమని చెప్పాను. ఆయన తన తువ్వాలుతోనే, పసిబిడ్డ మొహం తుడిచినంత నెమ్మదిగా తుడిచేవాడు. “దీనికి కళ్ళు కనపడాలి కదండి” అనేవాడు.

కొన్నాళ్ళకు కెమెరా మాటిమాటికీ ఆగిపోసాగింది. పడుకోవడానికి ఆయనే ఆపేస్తున్నాడని చెరువు యజమాని పనిలోంచి తీసేశాడు. బాగుచేయడానికి నేను వెళ్ళేసరికి ఆయన మూట కట్టుకుంటున్నాడు. ప్యానెల్ నిండా తెల్లటి పొర. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది.

“ఏ నీళ్ళతో తుడిచారు బాబాయ్?”

“చెరువు నీళ్ళేనండి. మంచినీళ్ళు తాగడానికే చాలవు కదండి.”

ఉప్పునీళ్ళు వాడొద్దని నేను చెప్పలేదు. యజమానికి ఫోన్ చేసి, తప్పు నాదేనన్నాను.

“కొత్త మనిషిని పెట్టేశాను. నువ్వు కెమెరా సంగతి చూడు” అన్నాడు.

నా సీసాలో నీళ్ళతో ప్యానెల్ కడుగుతుంటే పెద్దాయనే నిచ్చెన పట్టుకున్నాడు. కాస్త ఎండ ఎక్కాక కెమెరా మళ్ళీ మొదలై, ఎర్ర లైటు వెలిగింది. ఆయన మూట కింద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, దాని ముందు నిలబడ్డాడు.

“అయ్యగారూ, నేను పడుకోలేదండి. రోజూ తుడిచానండి.”

ఆ కెమెరాకు బొమ్మ తప్ప మాట ఎక్కదు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పలేకపోయాను.