బాణం తోక బరువు

మాచర్ల ఎప్పుడైనా వెళ్తే వడ్రంగి వెంకటప్పయ్యని కలవకుండా మాత్రం రావద్దండీ. తలుపు చెక్క గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్తాడు. బాణం గురించి అడిగారా, మీ బస్సు పోయినట్టే. పీరాంబీ పేరెత్తారా, ఇక ఆ పూట భోజనం కూడా అక్కడే!

సంగతి ఎనభై అయిదులోది. హైస్కూలు డ్రిల్లు మాస్టారు మస్తాన్‌రావు పిల్లలకి వెదురు విల్లు నేర్పించేవాడు. పదకొండేళ్ళుగా ఆయనకి బాణాలు చేసిచ్చేది వెంకటప్పయ్యే. తలుపులూ మంచాలూ చేసేది పొట్టకోసం, బాణాలు చేసేది పేరుకోసం. కంసాలి దగ్గర కొన్న పాత త్రాసులో ఒక పళ్ళెంలో బాణం పడుకోబెట్టి, రెండో దాంట్లో గురిగింజలు వేసి తూచేవాడు. ఏ బాణం తేలిగ్గా ఉంటే దానికి దారం చుట్టి లక్క పూసేవాడు. ఆ చుట్టడం కూడా ఈకల కింద, ఎవడికీ కనపడకుండా. "నా పనికి అతుకు కనపడకూడదు" అనేవాడు.

అట్టాంటిది పక్క సందులో పరుపులు కుట్టే పీరాంబీకి కూడా మాస్టారు బాణమిచ్చాడని తెలిసింది. ఆమె మొగుడు మౌలాలీ పెద్ద విల్లు నారి మీటుతా దూదేకుతాడు. ఊడిన ఈక ఒకటి కుట్టమని ఒక బాణం ఇస్తే, ఆమె దాన్ని సరిచేసి పంపింది. అది ముందుకంటే సూటిగా పోయిందంట.

వెంకటప్పయ్యకి ఒళ్ళు మండింది. టీ కొట్టు దగ్గరే మాస్టారిని పట్టుకున్నాడు.

"ఏంది మాస్టారూ, పరుపులు కుట్టే చేతికి బాణాలిచ్చారంట? రేపు నాచేత పరుపు కుట్టిస్తారా ఏంది?"

"కుట్టు. పడుకుని చూసి చెప్తా."

కొట్టు కొట్టంతా నవ్వింది. మాస్టారే మళ్ళీ అన్నాడు: "కోపం దేనికయ్యా? గుంటూరులో జిల్లా పోటీలున్నయ్. నువ్వో ఆరు, ఆమె ఓ ఆరు సరిచెయ్యండి. ఎవరివి ఒకచోట గుచ్చుకుంటే అవి తీసుకెళ్తా."

వారం రోజులు వెంకటప్పయ్య తలుపుల పని ముట్టలేదు. ఆరు బాణాలూ గింజ తేడా లేకుండా తూగినయ్. తీరా బడి మైదానంలో గడ్డిమోపుకి వేయిస్తే, రెండు పైన, రెండు పక్కన, రెండైతే కుక్క తోకాడించినట్టు ఊగుతా పోయి నేలన పడినయ్. పీరాంబీవి ఆరూ మాత్రం అరచేయంత చోట గుచ్చుకున్నయ్!

"ఎట్టా చేశావమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఏముంది సార్, వేలిమీద నిలబెట్టి చూశా. నడిమికి రెండువేళ్ళు ముందు, ములికి మొన వైపు ఆగాలి. ఆరూ అక్కడే ఆగాలి. అక్కడ బొగ్గు గీత పెట్టుకున్నా. ఆగకపోతే ములికి దగ్గర దారం చుట్టా. మొత్తం బరువొకటే అయినా, ఆ బరువు ఎక్కడ కూర్చుందో చూసుకోవాలిగా!" వెంకటప్పయ్య వైపు తిరిగి, "కదన్నా?" అంది.

అన్న వంగి తన బాణాలు ఏరుకుంటున్నాడు. చెవులు మాత్రం ప్రతి ముక్కా పట్టుకున్నయ్.

ఇంటికొచ్చి అన్నంలో వేలితో గీతలు గీస్తుంటే భార్య బసవమ్మ గదిమింది. "తినవయ్యా! ఏందా ముగ్గులు?"

"ఆ మౌలాలీ దూదేకుతుంటే టంగు టంగుమని నా గుండెలో మోగుతుందే."

"అయితే గుండెకో పరుపు కుట్టించుకో."

రెండ్రోజుల తర్వాత, రేపు ప్రయాణమనగా మధ్యాహ్నం పూట పీరాంబీయే గుమ్మంలోకొచ్చింది. చేతిలో గుంటూరు వెళ్ళే ఆరింట్లో ఒక బాణం. నారి తగిలించే గాడి దగ్గర చీలింది.

"అన్నా, చెక్క పని నాకు రాదు. నువ్వైతేనే."

వంకపెట్టి పంపేద్దామనుకున్నాడు. కానీ వడ్రంగి చేతులు, ఊరుకుంటాయా? బంక పూసి, సన్నదారం బిగించి, లక్క వేసి అద్దంలాగా చేశాడు. ఆరాక ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని వేలిమీద నిలబెట్టాడు. బొగ్గు గీత మీద ఆగాల్సిన బాణం అరవేలు వెనక ఆగింది. తన దారం, తన బంక, అంతా తోకకెక్కింది.

ములికి దగ్గర నాలుగు చుట్లు వేస్తే అయిపోద్ది. దారం ఉండ పక్కనే ఉంది. దాన్ని చూశాడు, గోడకున్న త్రాసుని చూశాడు, దారం ఉండ తీసి పెట్టెలో పెట్టి మూతేశాడు. గుంటూరులో ఆ బాణం తోకాడిస్తే తిట్టేది ఎవర్ని? సరిచేసిన పీరాంబీని!

పొద్దున్నే బస్టాండుకి తనే తీసుకెళ్ళి పీరాంబీకి ఇచ్చాడు. "ఒకసారి చూసుకో అమ్మాయ్" అన్నాడు మొహం తిప్పుకుని.

"నువ్వు చేసినదాన్ని మళ్ళీ చూసేదేందన్నా!" అని కట్టలో కలిపేసి మాస్టారి చేతికిచ్చింది.

ఆ మాట ముల్లులా దిగింది. బస్సు స్టార్టయింది. కండక్టరు ఈల వేశాడు. మాస్టారు, పిల్లలు, టీ కొట్టు వాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు. ఇప్పుడు నోరు తెరిచాడంటే, పదకొండేళ్ళుగా తాను తూచిందంతా సగం పనేననీ, పరుపులు కుట్టే మనిషి చెప్పిందే నిజమనీ ఊరిముందు ఒప్పుకున్నట్టే. మూసుకుంటే పేరు మళ్ళీ తనదే.

బస్సు పది గజాలు కదిలింది.

"ఆపండ్రా!" అని అరిచాడు వెంకటప్పయ్య. పరిగెత్తి కిటికీ పట్టుకున్నాడు. "మాస్టారూ, నేను అతికిన దానికి తోక బరువెక్కింది. వేలిమీద చూశా. ములికి దగ్గర నాలుగు చుట్లు పడాలి. ఆమె... పీరాంబీ చెప్పినట్టే."

బస్టాండంతా ఒక్క నవ్వు. పీరాంబీ మాత్రం నవ్వలేదు. కొంగు ముడి విప్పి దారమిచ్చింది. చుట్టింది వెంకటప్పయ్యే. బస్సు అయిదు నిమిషాలు లేటు.

గుంటూరు నించి రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత బాణాలన్నీ పీరాంబీ దగ్గరికే పోయినయ్, వెంకటప్పయ్యకి తలుపులు మిగిలినయ్. ఇప్పటికీ ఆ టంగు టంగు వినపడితే కిటికీ వేసేస్తాడు. "అప్పుడు నోరు మూసుకుని ఉంటే చానా హాయిగా ఉండేది" అంటాడు, నవ్వకుండానే.

నిజం చెప్పండి, ఆ బస్సు కదిలినప్పుడు మీరైతే అరిచేవాళ్ళా?