చలికాలపు గీత

గ్రీన్‌హౌస్‌లో పనివాళ్లంతా ఆమెను టమాటా అక్క అనేవాళ్లు. భార్యాభర్తలిద్దరూ ఇరవై ఏళ్లు ఆ గాజు కప్పు కిందే మొక్కలు పెంచారు. మొన్న చలికాలంలో ఆయన పోయాడు. ఏళ్ల తరబడి ఏరి దాచుకున్న పసుపు టమాటా విత్తనాల పొట్లం ఒకటి మిగిలింది. పాతబడితే మొలుస్తాయో లేదోనని ఆమె అన్నీ వేసేసింది. దేవుడి దయవల్ల ఆరు మొక్కలు బతికాయి. వాటికి కాయ పడితేనే మళ్లీ విత్తనం. లేకపోతే ఆయన పంట ఆయనతోనే సరి.

ఎండలు ముదిరాయి. మొక్కలు అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతున్నాయి. ఆకులు చాటలంత, కాడలు పుల్లల్లా సన్నం. పూత విరగబూస్తుంది, మూడో రోజుకు తొడిమ దగ్గర పచ్చబడి రాలిపోతుంది. రాలిన పూలను కొంగులో ఏరుకుంటూ, "ఏమయ్యా, నా మీద అలిగావా?" అని అడిగేది.

మోటార్లు చూసే ఆయన ఆమె భర్తకు ప్రాణస్నేహితుడు. రోజూ పదింటికి టీ తెచ్చిచ్చి వెళ్లిపోయేవాడు. ఆ రోజు మాత్రం వెళ్లలేదు. నీళ్లు కారుతున్న అద్దాల వంక చూశాడు.

"వదినా, లోపల మూత పెట్టిన గిన్నెలా ఉంది. పుప్పొడి తడిసి ముద్దయిపోతుంటే కాయ ఎట్లా పడుతుంది? కిటికీ తియ్యి."

"తీశానుగా, గీత దాకా."

కిటికీ ఎంత తెరవాలో గుర్తుగా, పక్కనున్న ఇనుప స్తంభం మీద భర్త గీసిన సుద్దగీత అది. రెండు వేళ్ల సందు. ఆయన పోయిన నాటి నుంచి ఆమె దాన్ని దాటలేదు.

"అది చలికి గీసింది తల్లీ! వాడే ఉంటే ఈపాటికి పదిసార్లు చెరిపి గీసేవాడు. చెరిపిన ప్రతిసారీ ఆ చెయ్యి నా చొక్కాకే తుడిచేవాడు. ఆ సుద్ద మరకలు చూసి, పంపు చూస్తున్నావా, పాఠాలు చెబుతున్నావా అని మా ఆవిడ ఒకటే తిట్లు!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. "చెరిపేస్తే ఆయన చెయ్యి పడిన గుర్తు ఇంకెక్కడుందయ్యా?"

ఆయన ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని కిటికీ తెరిచే చక్రం తిప్పింది. కిటికీ అంచు గీత దాటింది. బయటిగాలి లోపలికి రాగానే ఆకులన్నీ ఒక్కసారిగా కదిలాయి. పాత గీతను ముట్టుకోలేదు. దానికి జానెడు పైన సుద్దతో మరో గీత గీసింది. చెయ్యి తుడుచుకుందామని చూస్తే, స్తంభం మేకుకు, ఉతికినా మోటారు గ్రీజు మరకలు పోని పాత చొక్కా ఒకటి వేలాడుతోంది. ఎవరిదో అడగాల్సిన పనిలేదు.

ఆ రోజు నుంచీ భర్త చేసినట్టే, గుడ్డ చుట్టిన కర్రతో మొక్కల్ని కట్టిన తీగలను తట్టడం మొదలుపెట్టింది. పొడి పొడిగా పుప్పొడి రాలింది.

పదో రోజున ఒక పువ్వు వాడింది కానీ రాలలేదు. ఎండిన రేకుల చాటున బఠాణీ గింజంత పచ్చటి కాయ.

"చూశావా!" అంటూ గబుక్కున వెనక్కి తిరిగింది. మేకుకు చొక్కా గాలికి ఊగుతోంది. దాని మీద ఆమె వేళ్ల సుద్ద మరక తెల్లగా ఉంది.