భూపాలపల్లి ఫంక్షన్ హాల్లో ముఖారి

జనగామ నుంచి భూపాలపల్లి వెళ్లాలనుకునే వాళ్లకు ముందే చెబుతున్నాను, సూటి దారి వేరే ఉంది. కాజీపేటలో రైలు దిగి, ఆటోలో హనుమకొండ బస్టాండుకు పోతే పరకాల మీదుగా బస్సులు దొరుకుతాయి. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండొచ్చు. నేను మాత్రం అదే రైల్లో కాజీపేట దాటి, వరంగల్ దాటి, మహబూబాబాద్ దాకా పోయాను. అక్కడి నుంచి బస్సులో మళ్లీ వెనక్కి హనుమకొండ వచ్చి, అప్పుడు భూపాలపల్లి బస్సెక్కాను. ఎవరైనా అడిగితే స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లడానికని చెప్పాను. అసలు సంగతి కుళ్లు.

స్నేహితురాలి పేరు కవిత. మహబూబాబాద్‌లో స్టాఫ్ నర్సు, ఆ దగ్గరి తండా పిల్ల. ఆరేళ్ల కింద జనగామ దవాఖానలో పనిచేసేది. మా అత్తమ్మ మంచం పక్కన నేను ఫోన్లో సన్నగా కచేరీ పెట్టుకుని కూర్చుంటే, సెలైన్ మార్చడానికి వచ్చి, "ఎవరక్క పాడేది?" అని అడిగింది. "చివరిదాంక విను, అప్పుడు చెప్త" అన్నాను. అదే మా ఆచారమైపోయింది. ప్రతి ఆదివారం నేనొక రికార్డు పంపుతాను. పాట అయిపోయేదాకా పాడినవాళ్ల పేరు, ఊరు, కథ ఏదీ చెప్పకూడదు. పేరు ముందే తెలిస్తే చెవి బద్ధకిస్తుందని నా నమ్మకం. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. ముప్పై ఏళ్లలో కప్పల గురించి ఎందరికి చెప్పానో లెక్కలేదు కానీ, పాటల గురించి చెబితే విన్న మనిషి కవిత ఒక్కతే.

కవిత భర్త రవిది భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. అతన్ని చూడటానికి వెళ్లినప్పుడు కవితకు అక్కడ వసుంధర మేడం పరిచయమైంది. ఆమెకు సొంత ఫంక్షన్ హాలు ఉంది. దాన్నిండా స్పీకర్లు ఉన్నాయి. మీదుమిక్కిలి ఇటలీ పాటలున్నాయి. "అక్క, ఆ మేడం కాడ ఒకామె పాట విన్న. ఒళ్లు జల్లుమన్నది" అని కవిత మెసేజ్ పెట్టిన ఆదివారం నేను పంపిన తోడి రాగం మంగళవారం దాకా విననే లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

దానికి తోడు బదిలీలు వచ్చిపడ్డాయి. కవిత కోరుకోగల ఖాళీల్లో జనగామ ఉంది, భూపాలపల్లీ ఉంది. ఎటు పెట్టుకుంటావని ఎన్నిసార్లు అడిగినా "చూస్తున్నక్క" అంటుంది. జనగామకు వస్తే మళ్లీ ఇద్దరం ఒకే గదిలో కూర్చుని వినొచ్చని నేను నెలరోజులుగా ఆశపడుతున్నాను. ఇంతలో మేడం దగ్గరి నుంచి పిలుపు వచ్చింది. మూఢాలు కదా, పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీ, మీ జనగామ అక్కను కూడా ఒక రికార్డు పట్టుకుని రమ్మను అని. పోకపోతే ఓడినట్టు. పెన్‌డ్రైవ్‌లో నా దగ్గరున్న వాటిల్లోకెల్లా గొప్పదాన్ని, ఒక పాత గాయని చిన్న సభలో పాడిన ముఖారి రాగాన్ని వేసుకుని బయలుదేరాను.

జనగామలో ప్యాసింజర్ ఆరు దాటాక వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి సీట్లో మక్క కంకుల సంచితో కూర్చున్న అవ్వ ఎటు పోతున్నావని అడిగింది. భూపాలపల్లికి అన్నాను. కాజీపేట వచ్చింది, పోయింది. నేను లేవకపోయేసరికి ఆమెకు నా మీద జాలి పుట్టింది.

"నిద్రవట్టిందా బిడ్డా? నువ్వు గిక్కడనే దిగాలె గద" అంది.

"లేదవ్వ, మానుకోటల పనున్నది" అన్నాను. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు.

"ఏమో తల్లీ, ముక్కేదంటే తలకాయ చుట్టు తిప్పి చూపెట్టినట్టున్నది" అని అవ్వ కళ్లు మూసుకుంది.

ఎనిమిదిన్నరకు మానుకోటలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ బండి దగ్గర పల్లీ చట్నీ బాగుంటుంది, అటు వెళ్లినవాళ్లు వదలొద్దు. కవిత అక్కడే ఉంది, వెంట వాళ్ల అమ్మ కూడా. తండాలో అమ్మను యాడి అంటారు. అందుకని నేనూ యాడి అనే పిలుస్తాను. అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్లటి గాజులు, చేతిలో అల్లుడి కోసం చింతకాయ తొక్కు సీసా. ఆమె వస్తున్నట్టు నాకెవరూ చెప్పలేదు. ఇద్దరమే కూర్చుని మాట్లాడుకుంటూ పోదామన్న నా పథకానికి అక్కడే చిల్లు పడింది.

"సీదా హనుమకొండకు రాకపోయినవా అక్క? గింత చుట్టెందుకు?" అంది కవిత.

"నీతోని కలిసి పోదామని."

నర్సంపేట మీదుగా వెళ్లే బస్సు తొమ్మిది దాటాక కదిలింది. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ ముగ్గురికీ జీరో టికెట్లు చింపి ఇచ్చాడు. ఆడవాళ్లకు ఉచితం అయినప్పటి నుంచి బస్సుల్లో నిలబడటానికీ చోటుండదు, మేం డిపో దగ్గరే ఎక్కాం కాబట్టి కూర్చోగలిగాం. కవిత చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, మేడం ఇంటికి చేరేలోపు ఆమె చెవులను నా వైపు తిప్పుకుందామని మంచి మంచి రికార్డులు వరసగా వినిపించడం మొదలుపెట్టాను. రెండోదానికే నా భుజం మీద వాలిపోయింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చింది పాపం. నర్సంపేట దాకా ఆమె నిద్రపోతుంటే రాగాలన్నీ నేనే విన్నాను.

హనుమకొండ బస్టాండు ఎదురుగా భోజనం చేసి, పన్నెండున్నరకు భూపాలపల్లి బస్సెక్కాం. అది కాళేశ్వరం దాకా పోయే బస్సు. పక్క వరసలో పసుపు చీరలు కట్టుకున్న ఆడవాళ్లు గోదావరి స్నానానికి పోతున్నారు. వాళ్లలో ఒకామె మీరు కూడా స్నానానికేనా అంది. పాటలు వినడానికన్నాను. "భజననా?" అంది. భజన లాంటిదే అన్నాను. పరకాల దాటాక పత్తి చేలు, ఆ తర్వాత చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. కవిత లేచి కూర్చుని, జుట్టు సవరించుకుని, కిటికీలోంచి అదేపనిగా చూడసాగింది. ఆ ముఖంలో వెలుగు నాకు నచ్చలేదు.

రెండున్నరకు దిగేసరికి వసుంధర మేడం కారు పంపింది. ఆమె నా ఈడుదే. భూములున్న కుటుంబం, మాటలో దర్జా ఉంది కానీ ఎదురొచ్చి యాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. అది కూడా నాకు నచ్చలేదు. హాలు రైల్వే ప్లాట్‌ఫాం అంత ఉంది. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీలు అట్లాగే ఉన్నాయి. పోయిన ముహూర్తపు బంతిపూల దండలు వడిలిపోయి వేలాడుతున్నాయి. రెండు పక్కలా మనిషెత్తు స్పీకర్లు. ఇవన్నీ నా ఇంట్లో ఉంటేనా అని ఒక్కొక్కదాన్నీ చూస్తూ నడిచాను.

"లెక్చరర్ గారు, ముందుగాల మీదే పెట్టుకుందాం" అని మేడం పెన్‌డ్రైవ్ తీసుకుంది.

ముఖారి మొదలైంది. ఇరవై ఏళ్లుగా నేను వింటున్న రికార్డు అది. అందులో తంబురా నాలుగు తీగలూ విడివిడిగా మోగుతాయని నాకు ఆరోజే తెలిసింది. పై షడ్జమం ముందు ఆ గాయని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరి నా ఫోన్లో ఎన్నడూ వినబడలేదు. నా రికార్డు పరాయి ఇంటికొచ్చి నా దగ్గరకన్నా బాగా పాడింది. కవిత కళ్లు మూసుకుని వింటూ, "అబ్బ, గీ స్పీకర్లల్ల ఎట్లున్నదక్క" అంది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. నా గతి అదే అయింది.

అయిపోయాక మేడం తన వంతుకు లేచి, "ఇది ఒపెరా. పాడినామె..." అని మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు. పేరూ కథా పాట అయినంక చెప్పాలె, అది మా పద్ధతి అన్నాను, 'మా' అన్న మాట కొంచెం ఒత్తి. కవిత నవ్వుతూ తలూపింది. మేడం సరేనని ఏమీ చెప్పకుండానే పెట్టింది. కవిత ఫోన్ తీసి రికార్డు చేయడం మొదలుపెట్టింది.

మొదట వయొలిన్లు నెమ్మదిగా కదిలాయి. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. భాష రాదు, కథేమిటో తెలియదు. దిగులుగా మొదలై, ఆగి, మెల్లగా పైకి పోయి, అక్కడి నుంచి దిగిరానని మారాం చేస్తున్నట్టు నిలబడింది. బాగుంది. ఎంత బాగుందో తెలుస్తున్న కొద్దీ నా కడుపు మండిపోయింది. ఏమాత్రం కదిలినట్టు కనబడకూడదని పళ్లు బిగించి కూర్చున్నాను.

అప్పుడు యాడి లేచింది. వేదిక మీది కుర్చీలను చూసింది, దండలను చూసింది, మళ్లీ ఆ గొంతును చెవొగ్గి వింది. కూతురిని తమ భాషలో ఏదో అడిగింది. కవిత జవాబు చెప్పేలోపే వచ్చి, తన రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, నా భుజం మీద తల పెట్టి గొంతెత్తింది.

ఢావ్లో అంటారు దాన్ని. తండాలో పెళ్లయి వెళ్లిపోయే పిల్ల ఒక్కొక్కరి మెడా పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. ఆడవాళ్లందరూ తోడు ఏడవాలి, ఆ పిల్లను ఒంటరిగా ఏడవనివ్వకూడదు. యాడి వచ్చింది ఫంక్షన్ హాలుకు. స్పీకర్లోంచి ఒక ఆడపిల్ల ఒంటరిగా ఏడుస్తోంది. బదులు పలికేవాళ్లు లేరు. ఆమె ఎట్లా ఊరుకుంటుంది?

ఇటలీ గొంతు పైన, యాడి గొంతు కింద. శ్రుతి కలవలేదు, కలవాలని ఎవరూ అనుకోలేదు కూడా. తెల్లగాజులు నా వీపుకు గుచ్చుకుంటున్నాయి, ఆమె ఒంటి మీద చింతకాయ తొక్కు వాసన. తోడు ఏడవడం మర్యాద అని కవిత ఎప్పుడో చెప్పింది నాకు గుర్తుంది. మర్యాదకు మొదలుపెట్టిన ఏడుపు నా చేతుల్లో లేకుండా పోయింది. రెండు నెలలుగా కుళ్లిన కుళ్లంతా నీళ్లయి కారింది.

పాట ఆగింది. పెళ్లి ఎవరిదీ కాదని కవిత చెబితే యాడి నాలుక కరుచుకుని నవ్వింది. మరి నన్నే ఎందుకు పట్టుకుందని అడిగాను.

"నీ మొఖం చూసిందంటక్క. గీమెను ఎవరో ఇడిసిపెట్టి పోతున్నట్టున్నది అన్నది" అని కవిత చెప్పి, ఎందుకో నేల చూపులు చూసింది.

మేడం ముక్కు తుడుచుకుంటూ గాయని పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. గనిలో పెద్ద యంత్రం బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు వాళ్ల మేడ మీద అద్దెకుండి, పోతూ పోతూ ఆ డిస్కులు వదిలివెళ్లాడట. పాట అర్థం ఏమిటని అడిగితే, "నాకేం తెలుసండి, ఆ భాష రాదు. వినబుద్ధయితది, వింట" అంది. ఆమెకూ తెలియదని విని నాకు కొంచెం హాయిగా అనిపించింది. చాయ్, సకినాలు పెట్టింది. సకినాలు బాగున్నాయి, ఏంచేస్తాం.

ఐదు దాటాక నన్ను బస్టాండులో దింపారు. తల్లీకూతుళ్లు ఆ రాత్రి అక్కడే ఉంటారు. మొదటి షిఫ్టు చేసి, స్నానం చేసి, తడి తలతో రవి బండి మీద వచ్చాడు. అతన్ని చూడగానే కవిత ముఖంలో చెల్పూర్ దగ్గర కనిపించిన ఆ వెలుగే మళ్లీ వచ్చింది. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

"అక్క, భూపాలపల్లే పెట్టుకున్న" అంది కవిత. "పెండ్లయి నాలుగేండ్లాయె. ఆయన షిఫ్టు ఒకటి, నా డ్యూటీ ఒకటి. నెలకు రెండు దినాలు కూడ కలిసి ఉంటలేము. నీకు చెప్పుడెట్లనో తెల్వక ఊకున్న."

"మీరే రావాలె ఇగ అక్క. ఇల్లు మంచిగున్నది" అన్నాడు రవి.

రెండు నెలలు నేను స్పీకర్ల మీద కుళ్లుకున్నాను. నా పోటీ ఎప్పుడూ వాటితో కాదు. ఈ తడి తల పిల్లాడితో పోటీ పడటం ఎవరి తరం? "మంచిపని చేసినవ్" అన్నాను. నిజంగానే అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక, ఆదివారాలు మాత్రం ఆ మేడం పాలేనని గుర్తొచ్చి మళ్లీ మండింది.

హనుమకొండలో దిగి ఆటోలో కాజీపేటకు చేరి, ఎనిమిదింటి రైలు పట్టుకున్నాను. జనం పలచగా ఉన్నారు. రైలు కదిలాక ఫోన్ మోగింది. ఆరేళ్లలో మొదటిసారి కవిత నాకొక రికార్డు పంపింది. కింద ఒకే ముక్క: "ఎవరో చెప్పక్క. ఆఖరుదాంక విను."

విన్నాను. పై గొంతు ఇటలీ గాయనిది. కింది గొంతు యాడిది. సగం దాటాక ఇద్దరి మధ్యలో మూడో గొంతు వచ్చింది. మొరటుగా, శ్రుతిలేకుండా, మధ్యమధ్యలో ఎక్కిళ్లతో. ఎవరిదా అని వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ముప్పై ఏళ్లుగా ఊరందరి గొంతులూ పోల్చుకునే దాన్ని, నా గొంతు నేను పోల్చుకోవడానికి స్టేషన్ ఘనపూర్ దాటింది.

"మూడోది నేనే" అని పంపాను. పంపి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేక ఇంకొకటి కొట్టాను: "మేడంకు గూడ పంపినవా?"

రఘునాథపల్లిలో రైలు ఆగి, కదిలింది. ఎదుటి సీటాయన జనగామ ఎంతసేపండీ అని అడిగితే వచ్చేసిందని చెప్పి లేచి, సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. స్టేషన్ దీపాలు కనబడుతుండగా ఫోన్ వెలిగింది.

"లేదక్క. గీ రికార్డు నీకే."

ప్లాట్‌ఫాం మీద దిగి, మెట్లెక్కకుండా అక్కడే బెంచీ మీద కూర్చుని ఇంకోసారి పెట్టుకున్నాను.